జనం లేని జాతర

ఆనా మెందియెతా కవిత్వం రాయలేదు, కథలు రాయలేదు. 1973 నుంచి 1980 దాకా అమెరికాలోని అయొవా రాష్ట్రంలోనూ, మెక్సికోలోని వహాకా ప్రాంతంలోనూ ఏటి ఒడ్డున, ఇసుక మీద, పాత సమాధుల్లో తన ఒంటి కొలతకు సరిపోయే స్త్రీ ఆకారాలను మట్టితో, పూలతో, మంచుతో, నాచుతో, మందుగుండుతో చేసింది. చేసినవాటిని చేసిన చోటే వదిలేసింది. కొన్నిటిని నీళ్ళు తీసుకుపోయాయి. కొన్నిటిని గాలి చెరిపేసింది. కొన్నిటికి ఆమే నిప్పు పెట్టింది. ఇప్పుడు మనకు దొరికేవి ఫొటోలు, కొన్ని మూగ చిత్రాలు. ఈ పనులన్నిటినీ కలిపి ‘సిలుయెతా’ వరుస అంటున్నారు. స్పానిష్ భాషలో ఆ మాటకు నీడబొమ్మ అని అర్థం.

సాహిత్య విమర్శకు కేటాయించిన పేజీల్లో దీన్ని గూర్చి రాయడమెందుకని మిత్రులు అడగవచ్చు. మన విమర్శలో ఒక చిక్కుముడి చాలాకాలంగా విడిపోకుండా ఉంది. కథలోనో నవలలోనో ఒక తంతు కనబడితే, అంటే కొలుపో, మొక్కో, జాతరో కనబడితే, మనవాళ్ళలో కొందరి తీర్పు ముందే సిద్ధంగా ఉంటుంది: ఫ్యూడల్ అవశేషం, మూఢవిశ్వాసం, భావవాదం. మరికొందరు దీనికి పూర్తిగా ఎదురుదారి పట్టారు. నలుగురూ కలిసి చేస్తే చాలు, అది ప్రజల కళ, కనుక ప్రగతిశీలం అని రాసేస్తున్నారు. చూడడానికి ఈ రెండు వైఖరులూ కత్తులు దూసుకున్నట్టు కనిపిస్తాయి గాని, రెండింటికీ ఒకే సోమరితనం ఉంది. ఆ తంతును చేస్తున్న మనిషి ఎవరు, ఏ స్థితిలో చేస్తున్నది, ఆమె పక్కన ఎవరున్నారు, ఉండవలసిన వాళ్ళెవరు లేరు అని రెండు పక్షాలూ అడగవు. మెందియెతా పనిని ఈ ప్రశ్నలు వేయకుండా అర్థం చేసుకోవడం సాధ్యం కాదు. అందుకే ఆమెను ఎంచుకున్నాను.

పాశ్చాత్య దేశాల్లో ఆమె మీద వచ్చిన వ్యాఖ్యానం కూడా ఇలాగే రెండు పాయలుగా చీలింది. 1970లలో ఆదిమాతను, దేవీపూజను మళ్ళీ తవ్వి తీసిన స్త్రీవాదులు ఆమెను తమ పూజారిణిగా చూశారు. ఆ తర్వాతి దశకంలో సిద్ధాంతం చదువుకున్న స్త్రీవాదులు, స్త్రీని ప్రకృతితో సమానం చేసి మళ్ళీ పాత గదిలోకే తోసిందని ఆమెను తప్పుపట్టారు. ఒకరికి నచ్చింది, మరొకరికి నచ్చలేదు. ఇద్దరూ చూసింది మాత్రం దేవతనే. ఆ ఇసుకలో ఒక కాందిశీకురాలు పడుకుని లేచిందన్న సంగతి ఇద్దరికీ రెండో మాట అయింది.

మెందియెతా 1948లో హవానాలో పుట్టింది. కలిగిన కుటుంబం, రాజకీయాల్లో పలుకుబడి ఉన్న వంశం. ఆ వంశానికి చెందిన కార్లోస్ మెందియెతా 1934–35లో క్యూబా అధ్యక్షుడుగా ఉన్నాడు. తండ్రి 1959 విప్లవాన్ని మొదట సమర్థించి, తర్వాత దానికి ఎదురు తిరిగినవాడు. 1961 సెప్టెంబరులో, పన్నెండేళ్ళ వయసులో, అక్కతో పాటు ఆనాను అమెరికాకు పంపించారు. 1960 డిసెంబరు నుంచి 1962 అక్టోబరు దాకా 14,000 మందికి పైగా క్యూబా పిల్లలను తల్లిదండ్రులు తోడు లేకుండా అమెరికాకు చేర్చిన ఏర్పాటు ఒకటి ఉంది. దాన్ని ‘ఆపరేషన్ పీటర్ పాన్’ అంటారు. కాథలిక్ చర్చి నడిపింది, అమెరికా ప్రభుత్వం వీసాల నిబంధన సడలించింది. పిల్లల మీద తల్లిదండ్రుల హక్కును ప్రభుత్వం లాగేసుకుంటుందని ఒక దొంగ చట్టం ప్రతిని అచ్చువేసి పంచారు. భయం తన పని తాను చేసింది.

అక్కాచెల్లెళ్ళు అయొవాలో అనాథ శరణాలయాల్లో, పరాయి ఇళ్ళలో పెరిగారు. తల్లి 1966లో గాని వచ్చి చేరలేదు. తండ్రి క్యూబాలో జైలు పాలయ్యాడు, 1979లో విడుదలయ్యాడు.

ఇక్కడ మనం కళ్ళు తిప్పుకోకూడని విషయం ఒకటుంది. మన ఉద్యమం క్యూబా విప్లవాన్ని తన సొంత విప్లవంలా ప్రేమించింది. అందుకు తగిన కారణాలున్నాయి, అవి ఇప్పటికీ కొట్టివేయదగినవి కావు. కాని ఆ విప్లవం తండ్రిని జైలులో పెట్టింది, దాన్ని దెబ్బతీయాలనుకున్న సామ్రాజ్యవాదం బిడ్డను ఎత్తుకుపోయింది. ఈ రెండు వాక్యాలనూ ఒకే ఊపిరిలో చెప్పలేని విమర్శకుడు మెందియెతా జోలికి పోకపోవడం మంచిది.

మరొక సంగతి. హవానాలో ఆమె తెల్లవాళ్ళ ఇంటి బిడ్డ. అయొవా బడిలో అడుగుపెట్టేసరికి ఆమె ఒంటి రంగు మారిపోయింది. తోటి పిల్లలు నల్లదానివని తిట్టారు, వచ్చిన చోటికే పొమ్మన్నారు. చర్మం అదే. సరిహద్దు దాటేసరికి దానికి వేరే అర్థం పెట్టారు. జాతి అన్నది నెత్తుటిలో ఉండదు, సామాజిక సంబంధాల్లో ఉంటుందని మనం క్లాసులో ఎంత చెప్పినా పిల్లలకు పట్టుబడదు. పన్నెండేళ్ళ ఆనాకు అది ఒక్క విమాన ప్రయాణంలో తెలిసింది.

అయొవా విశ్వవిద్యాలయంలో ఆమె చిత్రకళలో ఎం.ఏ. చేసి 1972లో బొమ్మలు వేయడం మానేసింది. హాన్స్ బ్రీడర్ అనే అధ్యాపకుడు అక్కడ కళల మధ్య గోడలు తీసేసిన ఒక విభాగం నడుపుతుండేవాడు. ఆమె అందులో చేరింది. 1973లో అదే విశ్వవిద్యాలయంలో ఒక విద్యార్థినిని చెరిచి చంపారు. ఆ తర్వాత ఆమె రెండు పనులు చేసింది. ఒకటి, తోటి విద్యార్థులను తన గదికి రమ్మని, వాళ్ళు తలుపు తోసుకుని వచ్చేసరికి నెత్తురోడుతూ బల్ల మీదికి వంగి కదలకుండా ఉండిపోవడం. రెండోది నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది. ఒక భవనం గుమ్మం ముందు కాలిబాట మీద జంతువు నెత్తురు పోసి, గుమ్మం కింది నుంచి పారివచ్చినట్టు ఏర్పాటు చేసి, అక్కతో కలిసి ఎదురుగా కారులో కూర్చుని పోయేవాళ్ళను చిత్రించింది. ఒకరు తలతిప్పి చూస్తారు. ఒకరు గొడుగు మొనతో పొడిచి చూసినట్టు ఆగి, సాగిపోతారు. ఎవరూ తలుపు తట్టరు. చివరికి పక్క దుకాణం మనిషి వచ్చి శుభ్రం చేసి ఎత్తిపోస్తాడు. ప్రకృతిలో కరిగిపోయే యోగిని అని ఆమెను కీర్తించేవాళ్ళు ఈ చిత్రాన్ని ముందుగా చూడాలి. నాలుగడుగుల కాలిబాట మీద ఒక సమాజాన్ని నిలబెట్టి చూపిన పని ఇది.

ఆ వేసవిలోనే ఆమె మెక్సికో వెళ్ళింది. వహాకా దగ్గర యాగుల్ అనే చోట జాపోతెక్ జనం శతాబ్దాల కిందట కట్టుకున్న సమాధులున్నాయి. పైకప్పు లేని ఒక సమాధి గుంటలో నగ్నంగా పడుకుని, సంతలో కొన్న తెల్లపూల కొమ్మలు మీద కప్పించుకుంది. పూలు శరీరంలోంచి మొలిచినట్టుంటాయి. ముఖం కనబడదు. బ్రీడర్ ఫొటో తీశాడు. సిలుయెతాలలో మొదటిదిగా దీన్నే లెక్కిస్తారు. నా దృష్టిలో ఇది అంత గొప్ప పని కాదు. అందంగా ఉంది, అదే దాని లోపం. ఎవరి సమాధి అది, వాళ్ళ సంతతి ఆ చుట్టుపక్కల ఊళ్ళలో ఎలా బతుకుతున్నారు అన్నది ఫొటోలో ఎక్కడా లేదు. యాత్రికుడి మెక్సికో అది. జపొతెక్ సమాధి ఆమెకు పరుపుగా పనికివచ్చింది, అంతే.

అసలు పని ఆ తర్వాత మొదలైంది, శరీరం పక్కకు తప్పుకున్నాక. పడుకోవడం మానేసి, పడుకున్న ఆకారాన్ని మాత్రం నేలలో వదలడం ప్రారంభించింది. 1976లో వహాకా సముద్రతీరంలో, లా వెంతోసా దగ్గర, తడి ఇసుకలో తన ఆకారం తవ్వి ఎర్రరంగు పొడితో నింపింది. అల వచ్చి తాకుతుంది. ఫొటోల వరుసలో అంచులు కరుగుతాయి, చేతులు పోతాయి, చివరికి ఇసుకలో చిన్న ఎర్రటి జీర మిగులుతుంది. అయొవాలో ఒక వాగు పక్కన బురదలో, రాలిన చెట్లలో, మంచులో ఇటువంటివి నూరుకు పైగా చేసింది.

తెలుగు పాఠాలు చెప్పుకు బతికేవాణ్ణి గనుక నాకు ఇక్కడ వ్యాకరణం గుర్తుకొస్తుంది. మన భాషలో ‘వచ్చాను’ అంటే చాలు, ‘నేను’ అనక్కరలేదు. కర్త వాక్యంలో ఉండదు గాని, క్రియ చివర ఉన్న చిన్న ప్రత్యయం ఆ కర్తను పట్టి ఇస్తుంది. వినేవాడు అధ్యాహారం చేసుకుంటాడు. సిలుయెతా అటువంటి వాక్యం. కర్త లేచి వెళ్ళిపోయింది, నేల మీద ప్రత్యయం ఉంది. ఆమె బొమ్మల్లో ముఖాలుండవు, వేళ్ళుండవు. ఎత్తిన చేతులో, ఒంటికి ఆనించుకున్న చేతులో ఉంటాయి, అంతే. ఎవరని అడిగితే ఆ కొలతే సమాధానం: అయిదడుగుల స్త్రీ.

ఒక ఫొటోను మా తొమ్మిదో తరగతి పిల్లలకు ఏమీ చెప్పకుండా చూపించాను. ‘‘ఎవరో పడుకుని లేచిపోయారు సార్’’ అన్నదొక అమ్మాయి. అదే ఫొటో చూసి స్టాఫ్ రూములో సైన్సు మాస్టారు ‘‘ఎవర్నండీ పూడ్చింది?’’ అన్నారు. పండితుల వ్యాసాలు నేను చాలానే చదివాను గాని, ఈ రెండు మాటల మధ్యనే ఆ పని ఉన్నదని నాకనిపించింది.

కొలత మాట వచ్చింది గనుక ఒక పోలిక. అదే కాలంలో అమెరికాలో ‘భూమి కళ’ పేరుతో పెద్ద పెద్ద పనులు జరిగాయి. మైకేల్ హైజర్ 1969–70లో నెవాడా ఎడారి మెట్ట అంచును డైనమైటుతో, బుల్డోజర్లతో కోసి 2,40,000 టన్నుల రాయీ మట్టీ కదిలించాడు. రాబర్ట్ స్మిత్సన్ 1970లో యూటా ఉప్పుసరస్సులోకి 1,500 అడుగుల పొడవున చుట్టతిరిగిన రాతికట్ట పోయించాడు. అందులో పడ్డది 6,650 టన్నులు. స్మిత్సన్ ఆలోచనాపరుడు, అతణ్ణి చులకన చేయడం నా ఉద్దేశం కాదు. కాని ఈ కళకు గుత్తేదారు కావాలి, యంత్రాలు కావాలి, నేల మీద హక్కు పత్రం కావాలి, వెనక డబ్బిచ్చే వ్యాపారి కావాలి. భూమి ఇక్కడ తవ్వడానికీ పోయడానికీ ముడిసరుకు. గనుల యజమాని భూమిని ఎలా చూస్తాడో ఇదీ అలాగే చూసింది. మెందియెతాకు నేల మీద హక్కు లేదు. పారతో, చేతులతో ఒక మనిషి ఒక పూటలో ఎంత మట్టి కదపగలదో అంతే కదిపింది. ఇది పేదరికం కాదు, విద్యార్థి వేతనాలు ఆమెకు అందుతూనే ఉన్నాయి. ఎంచుకున్న కొలత ఇది. భూమి లేనివాళ్ళు భూమితో మాట్లాడే కొలత.

ఇక అసలు చిక్కు దగ్గరికి వద్దాం. తంతులో ఆమె వాడిన నెత్తురు, ఈకలు, నిప్పు, నీళ్ళు ఎక్కడివి? చాలావరకు సాంతెరియావి. పశ్చిమాఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చిన యోరుబా జనం తమ దేవతలను కాథలిక్ పునీతుల పటాల వెనక దాచుకుని కాపాడుకున్న మతం అది. చెరకు తోటల్లో, కొరడాల కింద బతికిన మతం. ఆనా దాన్ని మొదట విన్నది తమ ఇంట్లో పనిచేసే ఆడవాళ్ళ దగ్గర. తర్వాత లిదియా కాబ్రెరా వంటివారు రాసిన పుస్తకాల్లో చదువుకుంది. అంటే దొరల బిడ్డ వంటింట్లో విన్న కథలన్నమాట. ఆ పనివాళ్ళ శ్రమ మీద నిలిచిన ఇంటి పిల్ల, ఇల్లు పోయాక, వాళ్ళ దేవతలను అడిగి తెచ్చుకుంది. అడగకుండా తెచ్చుకుందని కూడా అనవచ్చు. తర్వాత తాను పడిన కష్టం ఈ ప్రశ్నను రద్దు చేయదు. ప్రవాసంలో అవమానపడ్డదాని నోట వచ్చింది గనుక అది పీడితుల గొంతు అని తేల్చేవాళ్ళు వర్గాన్ని కన్నీళ్ళతో కడిగేస్తున్నారు.

అలాగని దొంగసొత్తు అని తీర్పు చెప్పి లేచిపోతే సరిపోదు. మన దేశంలో తంతును భౌతికవాద దృష్టితో ఎలా చదవాలో నేర్పినవాడు కోశాంబి. 1962లో వచ్చిన ‘మిత్ అండ్ రియాలిటీ’లో ఆయన పుణె చుట్టుపక్కల కూడళ్ళలో సిందూరం పూసిన అమ్మవారి రాళ్ళ వెంట కాలినడకన తిరిగి, ఆ రాళ్ళు పాత బాటల మీద, జనం కలిసిన చోట ఉన్నాయని చూపించాడు. ఆయన దేవతను నమ్మలేదు, వెక్కిరించనూ లేదు. ఆ రాయి చుట్టూ ఎవరు నడిచారని అడిగాడు. మతాన్ని గూర్చి మార్క్స్ 1844లో రాసిన పేరాలో మత్తుమందు అన్న మాటనే కంఠస్థం చేసి, దానికి ముందున్న వాక్యాలను వదిలేసిన మనవాళ్ళు కోశాంబిని ఇంకొకసారి చదవాలి.

మెందియెతా రాయి చుట్టూ ఎవరు నడిచారు? ఎవరూ నడవలేదు. నా వాదమంతా ఇక్కడే ఉంది. తంగేడు, గునుగు పేర్చి, చప్పట్లు కొడుతూ చుట్టూ తిరిగి, చీకటిపడ్డాక చెరువులో వదిలే బతుకమ్మను తీసుకోండి. పూలు నీళ్ళలో పోతాయి. ఎవరూ దిగులుపడరు. మరుసటేడు మళ్ళీ అవే చేతులు పేరుస్తాయి గనుక. పేర్చిన బొమ్మ అశాశ్వతం, చుట్టూ ఉన్న జనం శాశ్వతం. మెందియెతా తంతులో ఈ రెండో సగం లేదు. వాగు ఒడ్డున ఆమె ఒక్కతే, కెమెరా పట్టుకున్న స్నేహితుడొకడు ఉంటే ఉంటాడు. పాట లేదు. మరుసటేడు మళ్ళీ చేసే చేతులు లేవు. బొమ్మ పోతే అంతా పోతుంది, అందుకే ఫొటో తీయవలసివచ్చింది. ఫొటో ఇక్కడ జనానికి బదులు నిలబడింది. ఊరు లేని మనిషి జాతర చేస్తే ఎలా ఉంటుందో అలాగే ఉంది ఆమె తంతు. అది ఆమె లోపమని మొదట నేనూ రాసుకున్నాను గాని, చూడగా చూడగా అదే ఆ పని చెబుతున్న విషయం. జనాన్ని పోగొట్టుకున్నానని నోటితో చెప్పకుండా, జనం లేకుండా చేయరాని పనిని ఒంటరిగా చేసి చూపింది.

ఆమె తన పనిని గూర్చి స్వయంగా చెప్పుకున్న మాటలు వేరు. భూమితో ఒకటైపోవడం, తల్లి గర్భంలోకి మరలిపోవడం, ప్రకృతి శక్తి ఇటువంటి మాటలే ఎక్కువ. వీటిని పట్టుకునే దేవీవాదులు ఆమెను తమ గుడిలో పెట్టుకున్నారు. కళాకారుడి అభిప్రాయం వేరు, కళ పట్టి ఇచ్చే వాస్తవం వేరు అని మనకు తెలియనిది కాదు. 1888లో మార్గరెట్ హార్క్‌నెస్‌కు రాసిన ఉత్తరంలో ఏంగెల్స్ బాల్జాక్‌ను గూర్చి చెప్పింది ఇదే. రాచరికాన్ని కోరుకున్నవాడు రాచరికం కూలడాన్ని అందరికన్నా బాగా చూపాడు. ఆ కొలమానం నవలకే గాని ఇసుకబొమ్మకు వర్తించదనడం సబబు కాదు. నేలతో ఒకటయ్యానని మెందియెతా చెప్పుకుంది. ఆమె బొమ్మ చూస్తే నేల ఆమెను ఉంచుకోలేదని తెలుస్తుంది. ప్రతిసారీ కడిగేసింది.

1978లో ఆమె న్యూయార్కు చేరి, అమెరికాలో స్త్రీలు 1972లో పెట్టుకున్న సహకార కళాశాల ‘ఎయిర్’లో సభ్యురాలైంది. 1980లో అక్కడ జరిగిన ఒక ప్రదర్శనకు ‘ఏకాంతపు గతితర్కం’ అని పేరు. అమెరికాలోని మూడో ప్రపంచపు స్త్రీ కళాకారుల ప్రదర్శన అది. దాన్ని కూర్చిన ముగ్గురిలో మెందియెతా ఒకతె, జపాను దేశస్థురాలు కజుకో మియమోతో ఒకతె, మూడో ఆమె మన అలీగఢ్‌లో 1937లో పుట్టిన జరీనా. ప్రదర్శన పుస్తకానికి మెందియెతా రాసిన ముందుమాట సూటిగా ఉంది. అమెరికా స్త్రీవాదం ప్రధానంగా మధ్యతరగతి తెల్లవాళ్ళ ఉద్యమమని, తక్కినవాళ్ళను మరిచిపోయిందని ఆమె ఆరోపణ. జరీనా కుటుంబం దేశవిభజన తర్వాత కొన్నేళ్ళకు పాకిస్తాను వెళ్ళిపోయింది. ఆమె దేశదేశాల్లో బతికి, ఇంటి నేలపటాన్ని, సరిహద్దు గీతను చెక్కమీద చెక్కి కాగితం మీద అచ్చువేసింది, పక్కన ఉర్దూ మాటలతో. ఒకామె మట్టితో, ఒకామె కాగితంతో. ఇల్లు పోయినవాళ్ళిద్దరు ఒక గోడ మీద మేకులు కొట్టారు. ఈ స్నేహాన్ని గూర్చి మన దేశంలో ఎవరైనా వివరంగా రాయాలి. పరిశోధన విద్యార్థులకు నా విన్నపమిది.

అదే 1980 జనవరిలో ఆమె పద్దెనిమిదేళ్ళ తర్వాత క్యూబాలో అడుగుపెట్టింది. ఆ ఏడాదే ఏప్రిల్ నుంచి అక్టోబరు లోగా 1,25,000 మంది మారియెల్ రేవు నుంచి పడవలెక్కి అమెరికా వెళ్ళిపోయారు. జనం బయటికి పోతున్న దారిలో ఆమె లోపలికి వస్తూ పోతూ ఉంది. హవానాలోని యువకళాకారులతో స్నేహం కుదిరింది. 1981లో, సాంస్కృతిక మంత్రిత్వ శాఖ అనుమతితో, హవానాకు తూర్పున హరూకో కొండల్లోని సున్నపురాతి గుహల గోడల మీద స్త్రీ ఆకారాలు చెక్కింది. వాటికి అతాబెయ్, గ్వాబన్సెష్ వంటి తైనో దేవతల పేర్లు పెట్టింది. తైనోలు క్యూబా మూలవాసులు. 1492లో స్పెయిన్ ఓడలు వచ్చాక కొద్ది దశాబ్దాల్లోనే వెట్టితో, కత్తితో, అంటురోగాలతో చాలావరకు నాశనమైన జనం.

ఈ గుహ శిల్పాలనే ఆమె పరాకాష్ఠగా చాలామంది చెబుతారు. రాతిలోకి దిగిన గీతల్లో పట్టు ఉంది, ఒప్పుకుంటాను. కాని నాకొక అనుమానం. ఎదురు మాట్లాడడానికి మిగలని జనం దేవతలను ఎంచుకోవడం తేలిక. క్యూబాలో అప్పుడు సాంతెరియా బతికే ఉంది, ప్రతి పేటలోనూ ఉంది. అయితే ప్రభుత్వం దాన్ని వెనుకబాటుతనంగా చూసేది. మతవిశ్వాసం ఉన్నవాళ్ళకు కమ్యూనిస్టు పార్టీ సభ్యత్వం ఇవ్వడానికి 1991 మహాసభ దాకా ఆగవలసివచ్చింది. ప్రభుత్వ అనుమతితో ప్రభుత్వ ఉద్యానంలో చెక్కేటప్పుడు చచ్చిపోయిన దేవతలు ఎవరికీ ఇబ్బంది కలిగించరు. ఆమె కావాలని రాజీపడిందని నేననడం లేదు. ఆ గుహల్లో మళ్ళీ ఆమె ఒక్కతే అయిందని మాత్రం అంటున్నాను, సొంత దేశంలో.

అదే 1981లో మియామీలో ఆమె చేసిన పనిని చూడండి. అక్కడ క్యూబా ప్రవాసులు నివసించే పేటలో ఒక సెయ్‌బా చెట్టుంది. మన బూరుగు జాతి చెట్టే. సాంతెరియా నమ్మేవాళ్ళకు పవిత్రం. చుట్టుపక్కల మంగలి దుకాణాలకు పోయి, క్షవరానికి వచ్చిన క్యూబా వాళ్ళ జుట్టు పోగుచేసి తెచ్చి, ఆ చెట్టు బోదెకు మనిషి ఆకారంలో అతికించింది. అంతే పని. తలనీలాల మొక్కు తెలిసిన మనకు ఆ జుట్టు ఏమిటో వేరే చెప్పనక్కరలేదు. ఆమె చేసి వెళ్ళిపోయాక పేట జనం ఆ బొమ్మ దగ్గర తమ మొక్కుబడులు పెట్టడం మొదలుపెట్టారు. ఎవరు చేశారో తెలియకుండానే, కళ అని తెలియకుండానే.

ఎనిమిదేళ్ళుగా లేని జనం ఇక్కడ వచ్చారు. ఫొటో అవసరం తగ్గిపోయింది. కర్త పేరు అవసరం లేకుండా పోయింది. పనివాళ్ళ దగ్గర తెచ్చుకున్నది పనివాళ్ళ మతానికే తిరిగి ముట్టింది. ఇది ఆమె చేసిన పనులన్నిటిలో ఉత్తమమైనదని నా అభిప్రాయం. చిక్కు కూడా ఇక్కడే ఉంది, దాన్ని దాచి లాభం లేదు. ఆ పేట విప్లవానికి బద్ధశత్రువులైన ప్రవాసుల పేట. హవానా పోయి వచ్చే మెందియెతా వంటివాళ్ళను ద్రోహులుగా చూసే వాతావరణం అక్కడిది. అటువంటి చోట, అటువంటి తలల మీది జుట్టుతో ఆమె తంతుకు ప్రాణం వచ్చింది. జనం ఉన్నచోటల్లా ప్రగతి ఉంటుందని రాసే మిత్రులు ఈ చెట్టు దగ్గర కాస్సేపు నిలబడాలి. జనం లేని గుహలో విప్లవప్రభుత్వపు అనుమతి ఉంది, జనం ఉన్న చెట్టు కింద విప్లవం మీద ద్వేషం ఉంది. ఆమె రెండు చోట్లా పనిచేసింది. ఒకదాన్ని మరొకదానితో కప్పిపుచ్చలేదు. కథకులకు నేను చెప్పదలుచుకున్నది ఏదైనా ఉంటే ఇదే: మీ కథలో జాతర రాసేటప్పుడు, వచ్చిన జనం ఏ కోరికతో వచ్చారో కూడా రాయండి.

1985 సెప్టెంబరు 8న, ముప్ఫై ఆరేళ్ళ వయసులో, న్యూయార్కులో 34వ అంతస్తు కిటికీ నుంచి పడి ఆమె చనిపోయింది. భర్త, శిల్పి కార్ల్ ఆంద్రె మీద హత్యానేరం మోపారు. 1988లో న్యాయస్థానం అతణ్ణి నిర్దోషిగా విడిచిపెట్టింది. 1992లో న్యూయార్కులో గుగెన్‌హైమ్ మ్యూజియం కొత్త శాఖలో ఆంద్రె పనులు పెట్టి ఆమెవి పెట్టనప్పుడు స్త్రీలు వీధిలో నిలబడి ఆమె ఎక్కడ అని అడిగారు. చావు తర్వాత ఆమె బొమ్మలన్నిటినీ ఆ చావుకు ముందుగా పడిన నీడలుగా చదవడం ఒక అలవాటైపోయింది. అది చదవడం కాదు, జాతకం చెప్పడం. ఇసుకలో ఆ ఆకారాలు తవ్విన మనిషి ఇంకా చాలా చేయాలనుకుంటున్న మనిషి.

ఈనాడు పెద్ద మ్యూజియాల గోడల మీద ఆ ఫొటోలు అద్దాల చట్రాల్లో ఉన్నాయి. ధర పలుకుతాయి. వాగు తీసుకుపోయినదాన్ని సంత వెనక్కి తెచ్చింది. ఫొటో కన్నా ఆమె తీసిన చిన్న చలనచిత్రాలు చూడమని విద్యార్థులకు చెబుతాను. ముఖ్యంగా 1976లో వహాకాలో తీసినది. అక్కడి బాణసంచా పనివాడి చేత, పునీతుల పండుగలకు కట్టినట్టే, బద్దల చట్రానికి మందు కట్టించి, తన ఆకారాన్ని రాత్రివేళ నిలబెట్టి అంటించింది. చేతులెత్తిన మనిషి కాసేపు వెలిగి, చట్రం నల్లబడి, చీకటైపోతుంది. ఆ చీకటిని ఫొటో చూపలేదు.

ఆమె చనిపోయిన మరుసటేడు, 1986లో, తానియా బ్రుగెరా అనే పద్దెనిమిదేళ్ళ అమ్మాయి హవానాలో మెందియెతా పనులను మళ్ళీ చేయడం మొదలుపెట్టింది. 1996 దాకా చేసింది. సోవియట్ యూనియన్ కూలిపోయి, క్యూబాలో తిండికి కటకటలాడుతున్న ఏళ్ళు అవి. తోటి కళాకారులు ఒక్కొక్కరే దేశం విడిచి వెళ్ళిపోతున్నారు. తిరిగి రావడానికి మెందియెతా చేసిన పనులను, అందరూ వెళ్ళిపోతున్న ఊళ్ళో కూర్చుని, ఆమె పదేళ్ళపాటు మళ్ళీ మళ్ళీ చేసింది.